మూసీ ఒడ్డున అక్షర సౌధం

దివ్య ఖుర్ఆన్ అవతరణ 'చదువు' అన్న ఆదేశంతోనే ఆరంభమైంది. బద్ర్ యుద్ధంలో పట్టుబడ్డ ఖైదీలలో చదువు వచ్చినవారు పదేసి మంది పిల్లలకు అక్షరాలు నేర్పితే, దాన్నే వారి విడుదలకు పరిహారంగా దైవప్రవక్త (స) అంగీకరించారు. గ్రంథాలయం మనకు పరాయి విషయం కాదనడానికి ఈ ఒక్క ఘటన చాలు.

ఉప్పునుంతల, అచ్చంపేటల నుంచి హైదరాబాదు వెళ్లేవారు ఇమ్లీబన్ బస్టాండులో దిగితే, అక్కడికి దగ్గర్లోనే అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి పక్కన ఒక తెల్లని భవనం కనిపిస్తుంది. అదే రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. పాతవారు నేటికీ 'కుతుబ్ ఖానా ఆసఫియా' అనే అంటారు.

నిజాం సంస్థానంలో విద్యాశాఖను నడిపిన సయ్యద్ హుసేన్ బిల్గ్రామీ 1891లో దీన్ని స్థాపించారు. ఖుర్ఆన్‌ను ఆంగ్లంలోకి అనువదించే పనికి పూనుకున్న పండితుడాయన. మొదట ఆబిడ్స్‌లో ఉన్న ఈ గ్రంథాలయం 1936లో ఇప్పటి భవనంలోకి మారింది. 1908 సెప్టెంబరు వరదల్లో అతలాకుతలమైన మూసీ తీరాన తరువాతి కాలంలో హైకోర్టు, సిటీ కాలేజీ, ఉస్మానియా ఆసుపత్రి లేచాయి. వైద్యానికీ న్యాయానికీ దక్కిన గౌరవమే పుస్తకానికీ దక్కింది. ఎత్తయిన కమాను ద్వారం, పొడవాటి పఠన మందిరం, వేసవిలోనూ చల్లగా ఉంచే ఎత్తయిన పైకప్పు చదువరి కోసమే కట్టారనిపిస్తాయి.

ఇక్కడ ఉర్దూ, అరబీ, ఫార్సీ గ్రంథాల పక్కనే తెలుగు, హిందీ, ఆంగ్ల గ్రంథాలున్నాయి. అరుదైన చేతిరాత ప్రతులు తరువాత ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి చేరాయి.

అయితే పట్నంలోని ఆ సౌధం పల్లెలకు దూరమే. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం కూడా పట్నంలోనే పుట్టింది. 1955 నాటి హైదరాబాద్ గ్రంథాలయ చట్టంతో ఆసఫియాకు రాష్ట్ర కేంద్ర గ్రంథాలయ హోదా దక్కింది. నేడు మనం కట్టే ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కూడా వసూలవుతోంది. అంటే గ్రంథాలయం ఎవరో పెట్టే దానం కాదు, మన హక్కు.

మన ఇళ్లలో తాతల నాటి ఉర్దూ పుస్తకాలు అటకల మీద చెదలు పడుతున్నాయి. వాటిని చదవగల పెద్దలు తగ్గిపోతున్నారు, పిల్లలు తెలుగు మీడియంలో చదువుతున్నారు. పుస్తకాన్ని పాత కాగితాల వాడికి అమ్మేముందు ఒక్కసారి ఆలోచించండి. ఊళ్లోని శాఖా గ్రంథాలయంలో ఉర్దూ పత్రిక, ఆడపిల్లలు కూర్చుని చదువుకునే వసతి కావాలని అడగండి. పట్నం వెళ్లినప్పుడు పిల్లలను చార్మినార్‌తో పాటు ఆ కమాను కిందికీ తీసుకెళ్లండి.