ఢిల్లీ లేఖ: తొమ్మిదేళ్ళు సభ్యులు లేని నగరం

పట్టణ స్వపరిపాలనకు రాజ్యాంగ ప్రతిపత్తి కల్పించే తొలి ప్రయత్నం 1989 అక్టోబరులో రాజ్యసభలో వీగిపోయింది. పి.వి. నరసింహారావు ప్రధానిగా వున్నప్పుడు, 1992 డిసెంబరులో, పార్లమెంటు 74వ సవరణను ఆమోదించింది. పురపాలక సంఘం ఆయుర్దాయం ఐదేళ్ళు. గడువు తీరక ముందే ఎన్నికలు పూర్తి కావాలని 243-యు అధికరణ శాసిస్తున్నది. ఇంతకంటె విస్పష్టంగా చెప్పటం సాధ్యం కాదు.

ఇక విశాఖపట్నం సంగతి చూడండి. 1979లో కార్పొరేషన్ అయిన ఆ నగరం 2005లో గాజువాకనూ, 32 గ్రామాలనూ కలుపుకొని మహానగరమైంది. 2007లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2012 ఫిబ్రవరిలో ముగిసింది. ప్రజలు మళ్ళీ ఓటు వేసినది 2021 మార్చి 10న! నడుమ తొమ్మిదేళ్ళు ప్రత్యేకాధికారుల పాలన. 1861 నాటి భీమునిపట్నం పురపాలక సంఘాన్నీ, అనకాపల్లినీ విలీనం చేయటంపై వివాదం, వార్డుల విభజన, చివరకు కరోనా. వీటిలో కరోనా ఒక్కటే సబబైన కారణం. అదీ ఎనిమిదేళ్ళు గడిచాక వచ్చింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఆ నగరాన్ని అతలాకుతలం చేసింది. ముఖ్యమంత్రి అక్కడే మకాం వేశారు. ప్రధాని వచ్చి వెయ్యి కోట్ల రూపాయల తక్షణ సహాయం ప్రకటించారు. లేనిది వార్డు సభ్యుడే. ఏ వీధికి నీళ్ళ ట్యాంకరు రాలేదో, ఏ జాలరిపేటలో పడవలు పగిలినవో ఎరిగి, మరునాటి ఎన్నికలో జవాబు చెప్పుకోవలసిన మనిషి లేడు. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో విషవాయువు 12 మందిని బలిగొన్ననాడూ అదే స్థితి. అధికారులు శ్రమించలేదని అనను. కాని బదిలీ అయిపోయే అధికారిని ఓటరు ఏమని నిలదీయగలడు?

తీరనగరానికి మరొక చిక్కు కూడా వున్నది. రేవూ, నౌకాదళమూ కేంద్రానివి. పోటు రేఖకు ఎంత దూరాన ఇల్లు కట్టవచ్చునో 1991 నుంచీ నిర్దేశిస్తున్నది ఢిల్లీయే. నగర ప్రణాళిక రాష్ట్ర ప్రభుత్వం నియమించే అభివృద్ధి సంస్థ చేతిలోది. కార్పొరేషన్‌కు దక్కేది ముఖ్యంగా చెత్త, మురుగు, నీటి కుళాయి, పన్ను వసూలు. రాజ్యాంగం 12వ షెడ్యూలులో 18 అంశాలు పేర్కొన్నది గాని, వాటిని బదలాయించే విచక్షణను శాసనసభలకే విడిచిపెట్టింది. తన నియోజకవర్గంలో మరొక నాయకుడు తలయెత్తటాన్ని ఏ శాసనసభ్యుడు కోరుకుంటాడు?

ఈ దుస్థితి విశాఖకే పరిమితం కాదు. చెన్నైకి 2016 అక్టోబరు నుంచి 2022 ఫిబ్రవరి వరకు ఎన్నికలు లేవు. ముంబయిలో 2022 మార్చిలో గడువు ముగిస్తే 2026 జనవరిలో పోలింగు జరిగింది. పార్టీలు వేరు, పద్ధతి ఒకటే. ఎన్నికలు గడువు మీరరాదని 2006లోనే కిషన్ సింగ్ తోమర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పివున్నది.

విచిత్రమేమంటే, ఎన్నికైన పాలకవర్గం వున్న సంస్థలకే గ్రాంట్లు ఇవ్వాలని 14వ ఆర్థిక సంఘం నిబంధన పెట్టింది. ఉద్దేశం మంచిదే. అయితే ఎన్నికలు జరపనిది రాష్ట్ర ప్రభుత్వం, నిధులు పోగొట్టుకునేది ఊరు! ఆ కోతను రాష్ట్రానికి వెళ్ళే ఇతర గ్రాంట్లకు మళ్ళిస్తే వార్డుల విభజన నెలల్లోనే పూర్తవుతుందని నా నమ్మకం.