తెరమీది బొమ్మ తడబడితే...

కంప్యూటర్‌లో కారు పందెం ఆడుతున్నారు. మలుపు దగ్గర తెరమీది బొమ్మ ఒక్క క్షణం బిగుసుకుపోయింది. మళ్ళీ కదిలేసరికి మీ కారు గోడకు గుద్దుకుని ఉంది! మీలో చాలామందికి ఈ అనుభవం ఉండే ఉంటుంది.

మా బడిలో తొమ్మిదో తరగతి చదివే ఒక కుర్రవాడికీ ఈ చిక్కే వచ్చింది. "గ్రాఫిక్స్ కార్డు పాతబడిపోయింది మాస్టారూ! కొత్తది కొనడానికి మా నాన్నగారు చీటీ పాడతానన్నారు" అన్నాడు. చీటీ పాటకు ఇంకా వారం ఉందట. "అయితే ఆ వారం మనం పరిశోధన చేద్దాం" అన్నాను.

తెర వెనుక ఏం జరుగుతుంది?

నిజానికి తెరమీద కదిలేది ఏదీ లేదు. సినిమాలో లాగే నిశ్చల చిత్రాలు ఒకదాని వెంట ఒకటి వస్తుంటాయి. సినిమాలో సెకనుకు 24 చిత్రాలు. అవి ముందే తీసిపెట్టినవి. ఆటలో అలా కాదు. మీరు ఏ మీట నొక్కుతారో ముందుగా తెలియదు గనుక ప్రతి చిత్రాన్నీ అప్పటికప్పుడు గీయాలి. సాధారణ మానిటర్ సెకనుకు 60 సార్లు చిత్రం మారుస్తుంది. అంటే ఒక్కొక్క చిత్రానికి దొరికే గడువు సుమారు 16.7 మిల్లీసెకన్లు. ఆలోగా ప్రాసెసర్ లెక్కలు కట్టాలి, గ్రాఫిక్స్ కార్డు బొమ్మ గీయాలి. గడువు దాటితే పాత బొమ్మే తెరమీద నిలిచిపోతుంది. అదే తడబాటు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేయండి. ఒక సెకనులో 59 చిత్రాలు ఒక్కొక్కటి 10 మిల్లీసెకన్లలో, ఒక్క చిత్రం మాత్రం 410 మిల్లీసెకన్లలో తయారయ్యాయనుకోండి. మొత్తం 1000 మిల్లీసెకన్లు. సగటున సెకనుకు 60 చిత్రాలు! కాని ఆ ఒక్క చిత్రం దగ్గర మీ కారు గోడకు గుద్దుకుంటుంది. కనుక సగటు ఒక్కటే చూస్తే చాలదు.

బొమ్మ అడ్డంగా చీలినట్లు కనిపించడం వేరే సంగతి. మానిటర్ చిత్రాన్ని పైనుంచి కిందికి వరుసగా చూపిస్తుంది. సగంలో ఉండగా కొత్త చిత్రం వచ్చి పడితే పైసగం పాతది, కిందిసగం కొత్తది అవుతుంది. వి-సింక్ అనే అమరిక పెడితే కొత్త చిత్రం తన వంతు వచ్చేదాకా ఆగుతుంది. అయితే చిత్రం కొంచెం ఆలస్యమైనా వంతు తప్పి, పాత బొమ్మ 33.3 మిల్లీసెకన్లు నిలుస్తుంది. అందుకే తెరే చిత్రం కోసం ఆగే పద్ధతి కనిపెట్టారు. ఎన్‌విడియా సంస్థ 2013లో ప్రకటించిన జి-సింక్ అటువంటిదే.

నోటు పుస్తకం ఏం చెప్పింది?

మా కుర్రవాడికి ఒకే నియమం పెట్టాను: ఒకసారి ఒక్క అమరికే మార్చాలి, ఫలితం రాయాలి.

మొదటి రోజు: 20 నిమిషాలు బాగా నడిచింది, తరువాత తడబడింది. రెండో రోజు: రిజల్యూషన్ తగ్గించాడు. తడబాటు వచ్చింది, కాని ఆలస్యంగా. మూడో రోజు: రిజల్యూషన్ మళ్ళీ పెంచి, తడబడగానే కంప్యూటర్ ఆపి గంట విశ్రాంతి ఇచ్చాడు. మళ్ళీ 20 నిమిషాలు బాగా నడిచింది!

"పాతబడిన కార్డు మొదటి 20 నిమిషాలు మాత్రం కొత్తదైపోతుందా?" అని అడిగాను. వాడు కాసేపు ఆలోచించి, "వేడి మాస్టారూ!" అన్నాడు.

అవును. వేడి హద్దు మీరితే చిప్పులు తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. ఆదివారం వాళ్ళ నాన్నగారు ప్లగ్గు తీసి, పెట్టె పక్క రేకు విప్పారు. కార్డు ఫ్యాను కింద దుమ్ము దూదిలా పేరుకుంది. రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని మెత్తని బ్రష్‌తో దులిపారు. ఆ సాయంత్రం ఆట గంటకు పైగా తడబడకుండా సాగింది. చీటీ పాటకు ఆయన వెళ్ళలేదు.

మీరు మాత్రం పెద్దవాళ్ళు లేకుండా పెట్టె విప్పకండి. పైగా అందరి తడబాటుకూ దుమ్మే కారణం కాదు. కొత్త చోటికి వెళ్ళినప్పుడే ఆట ఆగుతుంటే డిస్కును, ర్యామ్‌ను అనుమానించండి. ల్యాప్‌టాప్ చార్జర్ తీసినప్పుడే తడబడితే విద్యుత్తు ఆదా చేసే అమరిక చూడండి. రిజల్యూషన్ సగం చేసినా ఏ మార్పూ లేకపోతే? తప్పు గ్రాఫిక్స్ కార్డుదేనా, ప్రాసెసర్‌దా? కారణంతో సహా మీ నోటు పుస్తకంలో రాసి, మీ మాస్టారికి చూపించండి.