గోడ చాటుకు వెళ్లాక తగిలిన తూటా

కౌంటర్-స్ట్రైక్ ఆడిన ప్రతివాడి దగ్గరా ఒకే ఫిర్యాదు ఉంటుంది: "గోడ చాటుకు వెళ్లిపోయాను కదరా, ఎలా చచ్చాను?" ఎదుటివాడు మోసగాడనో, సర్వర్ చెత్తదనో, నెట్ పోయిందనో తలా ఒక కారణం చెబుతారు. చాలాసార్లు అవేవీ కావు. ఆ చావు ఆటలో తెలిసి పెట్టిన ఏర్పాటు. ఇద్దరిలో ఒకరికి అన్యాయం జరగక తప్పనప్పుడు, అది ఎవరికి జరిగితే ఆట బతుకుతుందని ఒక ఇంజినీరు ఆలోచించి తేల్చిన లెక్క. ఆ లెక్క దాకా రావడానికి ఆటల ప్రపంచానికి ఏడెనిమిదేళ్లు పట్టింది.

1993 డిసెంబర్‌లో ఐడీ సాఫ్ట్‌వేర్ వాళ్ల డూమ్ వచ్చింది. ఒకే ఆఫీసులో, ఒకే నెట్‌వర్క్ మీద నలుగురు ఒకరినొకరు వేటాడుకోవచ్చు. అందులో పెద్ద మెషీన్ అంటూ ఏదీ లేదు. ప్రతి కంప్యూటరూ "మావాడు ఈ మీట నొక్కాడు" అని మిగతావాటికి చెబుతుంది, అందరి మాటా విన్నాకే అన్నీ కలిసి ఒక అడుగు ముందుకేస్తాయి. ఒక్కడి సమాచారం ఆలస్యమైతే నలుగురూ ఆగాల్సిందే. మొదటి వెర్షన్ అయితే తన సమాచారాన్ని నెట్‌వర్క్‌లో ఉన్న ప్రతి మెషీన్‌కూ అరిచి చెప్పేది, ఆడనివాళ్ల మెషీన్‌లకు కూడా. కాలేజీల్లో, కంపెనీల్లో నెట్‌వర్క్ చూసుకునేవాళ్లకు డూమ్ పేరు చెబితే ఒళ్లు మండేది.

1996 జూన్‌లో అదే సంస్థ క్వేక్ తెచ్చి పద్ధతి మార్చింది. మధ్యలో ఒక సర్వర్. ఎవరు ఎక్కడున్నారో, ఎవరు చచ్చారో చెప్పే అధికారం దానిదే. మన కంప్యూటర్ పని మీటల కబురు పంపడం, తిరిగొచ్చిన బొమ్మ చూపించడం. ల్యాబ్‌లో ఇది బ్రహ్మాండంగా నడిచింది. ఇంట్లో టెలిఫోన్ మోడెమ్ మీద మాత్రం కబురు వెళ్లి రావడానికి పావు సెకను, ఒక్కోసారి అంతకుమించి పట్టేది. కంటికి కనిపించిందానికి వేలు కదలడానికే మనిషికి సెకనులో ఐదోవంతు కావాలి. దానిమీద మన సొంత కాళ్లు కూడా పావు సెకను ఆగి కదిలితే మోకాలిలోతు బురదలో పరుగెత్తినట్టే ఉంటుంది.

ఐడీ ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ ఆ ఏడాది డిసెంబర్‌కల్లా క్వేక్‌వరల్డ్ అనే సవరణ విడుదల చేశాడు. ఆలోచన తేలికైనదే. సర్వర్ అనుమతి కోసం ఆగకు, మీట నొక్కగానే మనిషిని నడిపించెయ్. సర్వర్ కూడా అవే నియమాలతో లెక్క వేస్తుంది కాబట్టి నూటికి తొంభై సార్లు రెండు లెక్కలూ కలుస్తాయి. కలవకపోతే సర్వర్ మాటే చెల్లుతుంది, ఆటగాడు ఉన్నచోటి నుంచి గబుక్కున వెనక్కి లాగబడతాడు. దీంతో సొంత కాళ్ల సంగతి తీరింది. ఎదుటివాడి కాళ్ల సంగతి అలాగే మిగిలింది, ఎందుకంటే అతను ఏ మీట నొక్కబోతున్నాడో నా కంప్యూటర్‌కు తెలిసే దారి లేదు.

క్వేక్‌కు ఇంకో గుణం ఉంది. ఇంజిన్ కంపెనీది, కానీ ఆట నియమాలు, తుపాకులు, మ్యాపులు ఎవరైనా మార్చుకునేలా తలుపు తీసి పెట్టారు. అలా మార్చి చేసినవాటిని మాడ్‌లు అన్నారు. వాల్వ్ అనే కొత్త కంపెనీ క్వేక్ ఇంజిన్‌ను లైసెన్స్‌కు తీసుకుని, బాగా తిరగరాసి, 1998 నవంబర్‌లో హాఫ్-లైఫ్ విడుదల చేసింది. ఆ తలుపును వాళ్లూ మూయలేదు. కెనడాలో కంప్యూటర్ సైన్స్ చదువుతున్న మిన్ లె అనే వియత్నాం మూలాల కుర్రాడు, అమెరికాలో చదువుతున్న జెస్ క్లిఫ్ ఆ తలుపులోంచి లోపలికొచ్చారు. ఒకరు కోడ్, బొమ్మలు చూసుకుంటే మరొకరు ప్రచారం, శబ్దాలు చూసుకున్నారు. గ్రెనేడ్ విసిరేటప్పుడు వినిపించే "ఫైర్ ఇన్ ద హోల్" గొంతు క్లిఫ్‌దే. 1999 జూన్‌లో కౌంటర్-స్ట్రైక్ మొదటి బీటా ఇంటర్నెట్‌లో ఉచితంగా వచ్చింది. అందులో బందీలను విడిపించడం ఒక్కటే పని. బాంబు పెట్టడం, దాన్ని నిర్వీర్యం చేయడం నాలుగో బీటాలో చేరాయి.

ఆ బాంబు ఆటకు పేరు తెచ్చిన డస్ట్ మ్యాపును గీసింది డేవ్ జాన్‌స్టన్ అనే ఇంగ్లండ్ టీనేజర్. 2001లో అతనే డస్ట్2 గీశాడు. ఇసుకరంగు గోడలు, రెండు తలుపుల సందు, "లాంగ్" అని పిలిచే ఒక పొడవాటి దారి. ప్రపంచంలో ఇంతమందికి కళ్లు మూసుకున్నా దారి తెలిసిన ఊహాస్థలం మరొకటి ఉంటుందా అని నాకు అనుమానమే. దాన్ని కట్టింది ఏ కంపెనీ వాస్తుశిల్పీ కాదు. వాల్వ్ 2000లో మిన్ లెనూ, క్లిఫ్‌నూ, వాళ్ల ఆటనూ తనలో కలుపుకుని ఆ నవంబర్‌లో 1.0 వెర్షన్ అమ్మకానికి పెట్టింది.

మిన్ లె పెట్టిన నియమాల్లో రెండింటి గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఒకటి డబ్బు. మొదటి రౌండ్లో చేతిలో 800 డాలర్లు, పిస్టల్‌కే సరి. శత్రువును చంపితే 300. మనం ఆడిన 1.6 వెర్షన్‌లో ఏకే-47 ధర 2,500, ఆప్ అని పిలుచుకునే పెద్ద స్నైపర్ 4,750. ఓడిన జట్టుకూ కొంత ముడుతుంది, వరసగా ఓడుతుంటే ఆ మొత్తం పెరుగుతుంది. కాబట్టి ఈ రౌండ్ కొనకుండా పొదుపు చేద్దామా, ఉన్నదంతా పెట్టేద్దామా అని ఐదుగురూ మాట్లాడుకోవాలి. రెండోది చావు. క్వేక్‌లో చస్తే మరుక్షణం లేస్తావు. ఇక్కడ రౌండ్ ముగిసేదాకా లేవవు. చచ్చినవాడికి చూడటం, వాగటం తప్ప పనిలేదు. ఆన్‌లైన్ ఆటల సంస్కృతి అంటూ తర్వాత పుస్తకాలు రాసినదంతా నా లెక్కలో ఈ ఖాళీ నిమిషంలోనే పుట్టింది. బతికున్న ఒక్కడి తెరను చచ్చినవాళ్లంతా చూస్తారు. వాడు గెలిస్తే "ఎన్1" (నైస్ వన్), ఓడితే "నూబ్". ప్రేక్షకులూ వ్యాఖ్యాతలూ జీతం లేకుండానే తయారయ్యారు.

ఇక ఎదుటివాడి కాళ్లు. హాఫ్-లైఫ్ సర్వర్ మామూలుగా సెకనుకు 20 సార్లు అందరి స్థానాలూ పంపేది. వచ్చినవి వచ్చినట్టు గీస్తే మనుషులు గెంతుతూ కనిపిస్తారు. అందుకని మన కంప్యూటర్ ఇతరులను కావాలనే సెకనులో పదోవంతు, అంటే 100 మిల్లీసెకన్లు వెనకబెట్టి, రెండు స్థానాల మధ్య నడకను నునుపుగా పూరించి చూపిస్తుంది. దీనికి పింగ్ కలపాలి, అంటే కబురు సర్వర్‌కు వెళ్లి రావడానికి పట్టే సమయం. పింగ్ 100 అయితే, నేను గురిపెట్టి నొక్కిన క్లిక్ సర్వర్‌ను చేరేసరికి నేను చూసిన దృశ్యానికి 200 మిల్లీసెకన్ల వయసు. చేతిలో కత్తితో పరుగెత్తేవాడు సెకనుకు 250 యూనిట్లు వెళతాడు, అంటే ఆపాటికి 50 యూనిట్లు దాటిపోయాడు. మనిషి వెడల్పు 32 యూనిట్లే. గురి సూటిగా ఉన్నా తూటా ఖాళీ గాలిలోకి పోతుంది.

మొదట్లో ఆటగాళ్లు దీన్ని చేతి అలవాటుతో నెగ్గుకొచ్చారు. తమ పింగ్ ఎంతో చూసుకుని, మనిషి మీద కాకుండా మనిషి ముందు కాల్చేవాళ్లు. వాల్వ్‌లో యాన్ బెర్నియర్ అనే ఇంజినీరు దీనికి చేసిన ఉపాయం విచిత్రమైనది. సర్వర్ ప్రతి ఆటగాడి ఇటీవలి స్థానాలను దాచి ఉంచుతుంది. నా క్లిక్ అందగానే నా పింగ్‌నూ, కావాలని వెనకబెట్టిన ఆ పదోవంతు సెకనునూ లెక్కవేసి, లోకాన్ని అంత వెనక్కి తిప్పి, నేను చూసిన క్షణంలో అందరినీ ఎక్కడివాళ్లను అక్కడ నిలబెట్టి, తూటా తగిలిందో లేదో తేల్చి, మళ్లీ వర్తమానానికి వస్తుంది. 2001లో ఆయన దీన్ని వివరంగా రాసి ప్రకటించాడు. దీనివల్ల గోడ చాటుకు చేరినవాడు కూడా చావొచ్చని అందులో దాచకుండానే చెప్పాడు. కాల్చినవాడి కళ్ల ముందు వాడింకా బయటే ఉన్నాడు మరి. గురి సరిగ్గా ఉన్నా తగలకపోతే ఆట మీద నమ్మకమే పోతుంది, కానీ అప్పుడప్పుడూ గోడ వెనక చావడాన్ని తిట్టుకుంటూ భరిస్తారు. ఆ తీర్పు ఇప్పటికీ చెల్లుతోంది. చచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి మనస్ఫూర్తిగా మెచ్చుకోలేను, కానీ ఇంతకంటే మంచిది నాకు తట్టలేదు.

మాకు ఈ గొడవేదీ తెలియని రోజుల్లో ఆట అమీర్‌పేట నెట్ సెంటర్ల ద్వారా వచ్చింది. కింద టిఫిన్ బండి, పైన జావా కోచింగ్, ఆ పైన పదిహేను కంప్యూటర్లు. గంటకు పది పదిహేను రూపాయలు. అన్నీ ఒకే స్విచ్‌కు తగిలించినవి కాబట్టి పింగ్ ఐదు దాటేది కాదు. సర్వర్ మూలనున్న ఓనర్ మెషీనే. సర్టిఫికెట్లు ప్రింట్ తీయించుకోవడానికి ఎవరైనా వస్తే ఓనర్ అన్న ఆట ఆపమనేవాడు, పదిమందీ ఒకేసారి "అన్నా, లాస్ట్ రౌండ్ అన్నా" అని అరిచేవాళ్లు. చచ్చినవాడు లేచి పక్కవాడి కుర్చీ వెనక నిలబడి "మామా, లాంగ్‌లో ఉన్నాడు రా" అని అందించడం నేరం. అందరూ చేసే నేరం.

2005లో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మొదలయ్యాక ఆ ఆట ఇళ్లకు పాకింది, దాంతోపాటు పింగ్ అనే పదం మా నిత్యజీవితంలోకి వచ్చింది. మాకు దగ్గరి సర్వర్లంటే ఎక్కువగా సింగపూర్‌వి. చెన్నై నుంచి సింగపూర్‌కు 2002లోనే సముద్రంలో కేబుల్ వేశారు. హైదరాబాద్ నుంచి సింగపూర్ గాల్లో కొలిస్తే దాదాపు 3,300 కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళుతుంది. తీగను గీత గీసినట్టు వేసినా రానూపోనూ 33 మిల్లీసెకన్లు పట్టి తీరుతుంది. అసలు తీగ అలా వేసి ఉండదు, మధ్యలో ఎన్నో మజిలీలు, చివర మన వీధిలో పాత టెలిఫోన్ రాగి తీగ. తెర మీద 150 కనిపిస్తే ఆ రోజు శుభదినం. చాలా సర్వర్లు పింగ్ ఎక్కువైతే వాటంతటవే బయటికి నెట్టేసేవి. ఆ పరాభవం కులమతాలకతీతంగా మొత్తం దేశానిది.

ఆ సర్వర్లలోనే మొదటిసారి మొహం తెలియని మనుషుల మధ్య పడ్డాను. ఆట ముగిశాక గెలిచినవాడూ ఓడినవాడూ "జీజీ" అని టైపు చేయడం ఒక మర్యాద అని అక్కడే తెలిసింది. ఇండియా అని తెలియగానే బూతులు లంకించుకునేవాళ్లూ అక్కడే తగిలారు, మనవాళ్లు తిరిగి ఇచ్చినవి కూడా తక్కువవేం కాదు. ఒక రాత్రి ఎవరిదో మైకు తెరిచి ఉండిపోయింది. "వస్తన్నానమ్మా, ఒక్క రౌండు" అని ఒక గొంతు, వెనకనుంచి "అన్నం చల్లారిపోతోంది, ఆ డబ్బా కట్టెయ్" అని ఇంకో గొంతు. వెంటనే న్యూజెర్సీ నుంచి ఆడుతున్న ఒకడు "బ్రో, తెలుగా?" అన్నాడు. అతని పింగ్ 300 దాటింది, నిద్ర పట్టక ఆ సర్వర్‌కు వచ్చాడట. వాళ్లిద్దరూ ఊళ్లు అడిగి తెలుసుకునేలోపు మా జట్టు ఆ రౌండ్ పోగొట్టుకుంది.

మోసాలు కూడా ఆలస్యం బిడ్డలే. గోడ వెనకనున్నవాళ్లను చూపించే వాల్‌హ్యాక్ ఎలా సాధ్యం? శత్రువు మూల తిరిగి కనిపించాకే సర్వర్ అతని స్థానం పంపితే, ఆ కబురు చేరేలోపు అతను శూన్యంలోంచి ఊడిపడినట్టు ఉంటుంది. అందుకని కనిపించే అవకాశమున్నవాళ్ల సమాచారం ముందుగానే మన కంప్యూటర్‌కు వచ్చి కూర్చుంటుంది. మర్యాదగల ఆట దాన్ని గోడతో కప్పుతుంది, దొంగ ప్రోగ్రాం కప్పదు. 2002లో వాల్వ్ వాక్ అనే నిఘా వ్యవస్థ తెచ్చింది. దొంగాపోలీసాట ఇప్పటికీ నడుస్తోంది.

2003 సెప్టెంబర్‌లో ఆటలను ఇంటర్నెట్‌లో అందించే వాల్వ్ వ్యవస్థ స్టీమ్ వచ్చింది, దాంతోపాటే 1.6. తర్వాతి కథ నాకంత ఆసక్తి కలిగించదు: 2012లో గ్లోబల్ అఫెన్సివ్, 2013 నుంచి తుపాకులకు రంగుల తొడుగులు, వాటి మీద సంత, ఆ సంత చుట్టూ జూదం, 2023లో కౌంటర్-స్ట్రైక్ 2. మన దగ్గర కుర్రాళ్లు అప్పటికే ఫోన్లకు మారిపోయారు. 2016లో జియో, 2018లో పబ్‌జీ మొబైల్. ఒక్కో మ్యాచ్‌కు వందమంది, కుర్చీ అద్దె లేదు, ఓనర్ అన్న లేడు.

కానీ పబ్‌జీ సర్వర్ ఆడేవాళ్ల చేతిలో లేదు. 2020 సెప్టెంబర్ 2న కేంద్ర ప్రభుత్వం దాన్ని నిషేధించింది, అక్టోబర్ 30న దాన్ని నడిపిన టెన్సెంట్ ఇండియా ఆటగాళ్లకు సర్వర్లు ఆపేసింది. ఆ మర్నాడు ఫోన్లలో ఐకాన్ ఉంది, ఆట లేదు. 1.6 సర్వర్ ప్రోగ్రాంను మాత్రం వాల్వ్ మొదటినుంచీ ఉచితంగా పంచింది. ఆ సర్వర్లను నిలబెట్టింది వేలాది నెట్ సెంటర్ల ఓనర్లు, హాస్టల్ కుర్రాళ్లు, ఇంట్లో పాత మెషీన్ ఉన్న ఎవరెవరో. అందుకే దాన్ని ఒకచోట నొక్కి ఆపే మీట లేదు. ఏ కాలేజీ హాస్టల్లోనైనా రెండు కంప్యూటర్లు, ఒక స్విచ్ కలిపి, ఐపీ అడ్రస్ గట్టిగా అరిచి చెబితే డస్ట్2 తెరుచుకుంటుంది, చేతిలో 800 డాలర్లతో.