గాజుపలక మీద జడకోలాటం

కాగితం దొరకలేదు. అందుకని ఆ ఏడేళ్ల పిల్ల గాజుపలక మీద బొమ్మ వేసింది. పేరు యిట్కా సాంకోవా. ఊరు రుడోల్ఫిత్సే, చెకోస్లొవేకియాలో బొహీమియా ప్రాంతపు పల్లె. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి ఎన్నేళ్లో కాలేదు. యుద్ధంలో నలిగిపోయిన పిల్లల కోసం 1946 డిసెంబరులో పుట్టిన యూనిసెఫ్ ఆ ఊరికీ తిండి, మందులు పంపింది. అందుకు కృతజ్ఞతగా వేసిందా బొమ్మ.

నడుమ నిలువు గడ, దాని చుట్టూ చిందులేస్తున్న ఆడపిల్లలు. వసంతం రాగానే యూరప్ పల్లెల్లో ఆడే ఆట అది. మన జడకోలాటం చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. టీచరు దాన్ని ప్రేగ్‌లోని యూనిసెఫ్ కార్యాలయానికి పంపారు. 1949లో అదే యూనిసెఫ్ తొలి గ్రీటింగ్ కార్డయింది. చేత్తో వేసిన బొమ్మ ఒక్కరింటికే వెళ్తుంది. అచ్చుకెక్కింది కాబట్టే ఇది ఊరూరా అమ్ముడై పిల్లల మందులకూ పాలకూ డబ్బు తెచ్చే దారి వేసింది. తర్వాత మతీస్, పికాసో బొమ్మలు కూడా ఆ కార్డుల మీదికొచ్చాయి. వాళ్లంతా ఆ పిల్ల వెనక వచ్చినవాళ్లే!

మదనపల్లెకు కూడా ఆ కాలంతో చుట్టరికం ఉంది. మనదేశంలో క్షయను అడ్డుకునే బీసీజీ టీకాలు 1948లో మొదలైన చోట్లలో అదొకటి. ఆ తర్వాత దేశమంతటా సాగిన టీకాల పనికి యూనిసెఫ్ చేయందించింది. ఇక 1979లో బొంబాయిలో విమానయాన ఉద్యోగి రిప్పన్ కపూర్ మిత్రులతో కలిసి, 50 రూపాయలతో, అమ్మగారి భోజనాల బల్ల దగ్గర మొదలుపెట్టిన పిల్లల సంస్థ ‘క్రై’ కూడా గ్రీటింగ్ కార్డులమ్మే నిలదొక్కుకుంది.

నన్ను పట్టి ఆపేది మరొకటి. యిట్కా బొమ్మలో జబ్బుపిల్ల లేదు. మంచం లేదు, సూది లేదు. కోలుకున్న పిల్లలు ఏం చేస్తారో అదే ఉంది. ఇప్పుడు ఫోన్ తెరిస్తే ముక్కులో గొట్టంతో పసిబిడ్డ ఫొటో, కింద బ్యాంకు ఖాతా. ఆ తల్లిదండ్రులను తప్పు పట్టను. ఆపరేషన్ తేదీ తరుముతుంటే మరో దారి తోచదు. కానీ బిడ్డ బతికి బడికెళ్లే నాటికీ ఆ ఫొటో ఎవరి ఫోన్లోనో తిరుగుతూనే ఉంటుంది. ఫొటో పెట్టొచ్చా అని అడిగితే చెప్పే వయసు అది తీసేనాటికి ఆ బిడ్డకు లేదు. జాలితో వచ్చే డబ్బు ఒకసారి వస్తుంది. బొమ్మ నచ్చి కొన్నవాళ్లు మళ్లీ సంక్రాంతికీ అడుగుతారు.

ఈ జనవరికి మీ ఇంటి పిల్లలు కార్డులు చేసి ఏ బిడ్డ వైద్యానికైనా డబ్బు కూడబెడతామంటే రంగులు కొనివ్వండి. రంగులకెంతయిందో, ఆసుపత్రికెంత కట్టారో లెక్క రాయించండి. కార్డు మీద మాత్రం ఆ బిడ్డ ఫొటో పెట్టనివ్వకండి.