బిలియర్డ్సు బల్లయు టెలివిజన్ తెఱయు

మన దేశమునకు ప్రపంచవిజయము తెచ్చిన క్రికెట్టు వీరుల పేరులు చెప్పుమని ఏ యూరి బాలు నడిగినను గుక్కతిప్పుకొనక చెప్పగలడు. విల్సన్ జోన్సు ఎవరని యడిగినచో పెద్దలు సైతము ఒకరి మొగ మొకరు చూచుకొందురు. 1958వ సంవత్సరమున కలకత్తా నగరమందు జరిగిన ప్రపంచ అమెచ్యూరు బిలియర్డ్సు పోటీలో గెలుపొందిన భారతీయు డాయన. మనవాడొకడు ఆ కిరీటమును ధరించుట అదియే ప్రథమము. 1964లో మరల గెలిచెను. ఆయన వెనుక మైకేల్ ఫెరేరా మూడు మాఱులును, గీత్ సేఠీ పలు మాఱులును ప్రపంచవిజేతలైరి. పంకజ్ ఆద్వానీ బిలియర్డ్సునందును స్నూకరునందును కలిపి ఇరువదియైదింటికి పైగా ప్రపంచ బిరుదములను గడించెను. ఇట్టి సంపద మనకు మఱి యే యాటలోనైన గలదా యని నాకు సందేహము. ఐనను ఈ విజయములలో ఒక్కదానినైన టెలివిజన్ తెఱపై మొదటినుండి తుదివఱకు చూచితిమని చెప్పగలవారు శ్రోతలలో ఎంత మంది యుందురు? ఈ యాటలకు తెఱమీద ఇంత కొంచెపు చోటు ఏల దక్కెనో విచారించుటయే నేటి నా ప్రసంగవిషయము.

ముందుగా ఆటల భేదమును తెలిసికొనుట మంచిది. మన జిల్లా కేంద్రములలోని పాత క్లబ్బులలో పచ్చని బనాతు పఱచిన పండ్రెండడుగుల బల్లను మీరు చూచియుందురు. మూలనున్న మార్కరు పాయింట్లను చదువుచుండును. హైదరాబాదు ఫలక్‌నుమా సౌధమందును ఇట్టి బల్ల కొక ప్రత్యేక మందిరము గలదు. ఆ బల్లమీద మూడే బంతులతో ఆడునది బిలియర్డ్సు. ఇరువదిరెండు బంతులతో ఆడునది స్నూకరు. అంతకంటె చిన్న బల్లమీద అంకెలు వేసిన బంతులతో ఆడునది పూల్. ఇవి మన తలలో ముడుచుకొను పూలు కావు. పందెగాండ్రందఱును వేసిన సొమ్మును ఒకచోట కుప్పపోయుటకు ఆంగ్లమున ఆ పేరు. అమెరికాదేశమున గుఱ్ఱపుపందెములపై సొమ్మొడ్డు గదులలో కాలక్షేపమునకై ఈ బల్లలను వేసిరట. ఆటకు ఆ పేరంటినది, పేరుతోపాటు జూదమన్న అపకీర్తియు నంటినది.

ఈ యపకీర్తియే కారణమని కొందఱందురు. గుఱ్ఱపుపందెములను ప్రసారము చేయు దేశములలో ఈ వాదము నిలువదు. ఆట మందగతి గలదగుటచే చూపఱకు నిద్రవచ్చునని మఱికొంద ఱందురు. దీనికి 1985వ సంవత్సరమే ప్రత్యుత్తరము. ఆ యేట ఇంగ్లాండులోని షెఫీల్డు నగరమున స్నూకరు ప్రపంచపోటీ తుదియాటలో స్టీవ్ డేవిస్, డెనిస్ టేలర్ తలపడిరి. ముప్పదినాలుగు ఫ్రేములు ముగియునప్పటికి ఇరువురును సరిసమానము. కడపటి ఫ్రేము ఒక్కటియే అఱువదియెనిమిది నిమిషములు సాగినది. అర్ధరాత్రి దాటినది. అంతకంటె మందగతి ఏముండును? ఐనను ఆ రాత్రి బ్రిటనునందు కోటి యెనుబదియైదు లక్షలమంది మేల్కొని చూచిరి.

వ్యయమందురా, అదియు గాదు. క్రికెట్టు మైదానమునకు ఎన్నియో కెమెరాలు కావలెను. వాన కురిసినచో ఆనాటి వ్యయము నీటిపాలు. ఈ యాటకు నాలుగు గోడలు, ఒక బల్ల, కొన్ని దీపములు, పిడికెడు కెమెరాలు చాలును. ఎండవానలతో పని లేదు.

అసలు కారణము ఆట లోపలనే యున్నదని నా తలంపు. దానిని గ్రహించుటకు శతాబ్దము వెనుకకు పోవలెను. బిలియర్డ్సునందు తన బంతితో తక్కిన రెండు బంతులను తాకించినచో రెండు పాయింట్లు. దీనిని క్యానన్ అందురు. తప్పనంతవఱకు ఆడినవాడే ఆడుచుండును. అట్లు ఒకే పర్యాయమున కూర్చిన మొత్తమునకు బ్రేకని పేరు. 1907లో టామ్ రీస్ అను ఆంగ్లేయుడు బల్లమూల జేబు వాకిట రెండు బంతులను ఇరికించి, వానిని కదలనీయక, తన బంతితో మెల్లమెల్లగా తాకుచు, అదే క్యాననును మరల మరల కొట్టి, దాదాపు ఐదు వారములలో 4,99,135 పాయింట్ల బ్రేకును చేసెను. ఆ కాలమంతయు ప్రత్యర్థికి దక్కినది కుర్చీ మాత్రమే. ఇంతచేసియు ఆ బ్రేకు అధికారముగా అంగీకరింపబడలేదు. ఆద్యంతము పత్రికలవారు గాని ప్రజలు గాని అచ్చట లేరన్నదే కారణము. ఎవరు మాత్రము ఐదు వారములు కూర్చుందురు? చూచువారు లేనందున చెల్లని ఘనకార్యము ఈ యాటలో టెలివిజను పుట్టకముందే యొకటి జరిగినదన్నమాట.

ఆ యుపాయమును వెంటనే నిషేధించిరి. కాని వ్యాధి కుదురలేదు. 1932లో ఆస్ట్రేలియాదేశస్థుడు వాల్టర్ లిండ్రం లండను నగరమున జో డేవిస్‌పై ఆడుచు ఒకే బ్రేకున 4,137 పాయింట్లు చేసెను. బంతులను బల్ల అంచు వెంబడి ఒకదానికొకటి అంటీ అంటనట్లు నడిపించుచు, వ్రేలెడు దూరము మించి కదలనీయకుండ క్యాననులు కొట్టుటలో ఆయనకు సాటి లేడు. దగ్గఱ కూర్చున్న ప్రవీణులకు అది మహాద్భుతము. పదవ వరుసలోని సామాన్యునకు ఒక మనిషి బల్లపై వంగి ఏమియు చేయకయున్నట్లు తోచును. ఇదియే చిక్కుముడి. బిలియర్డ్సునందు నేర్పు పెరిగినకొలది కనబడునది తఱుగును. నేర్పులేనివాని యాటలో బంతులు బల్లయంతయు పరుగులిడును. మహాప్రవీణుని యాటలో అవి నిలిచియుండును. మూడు బంతులు ఆదియందు మూడే, అంతమందును మూడే; ఎఱ్ఱబంతి జేబులో పడినను మరల తెచ్చి దాని చోటనే యుంచెదరు. ఆట ఎంత నడచినది, ఎంత మిగిలినది అను సంగతిని బల్ల చెప్పదు. మార్కరు చెప్పవలెను.

స్నూకరు వేఱు జాతి. ఈ యాట మన దేశముననే పుట్టినది. 1875లో జబ్బల్పూరు సైనికాధికారుల భోజనశాలలో నెవిల్ ఛాంబర్లేన్ అను యువకాధికారి దీనిని కల్పించెనని ప్రసిద్ధి. 1882లో ఉదకమండలము క్లబ్బున దీని నిబంధనలు వ్రాసి గోడకు తగిలించిరి. మన ఆంధ్ర జిల్లాలును ఉదకమండలమును అప్పుడు ఒకే చెన్నపురి రాజధానిలోనివి గనుక, ఇది పొరుగింటి బిడ్డయే యనవచ్చును. ఇందు పదునైదు ఎఱ్ఱబంతులు, ఆఱు వేఱు రంగుల బంతులు, కొట్టుటకొక తెల్లబంతి. ఎఱుపునకు ఒక పాయింటు. పసుపునకు రెండు మొదలు నలుపునకు ఏడు వఱకు. ఎఱ్ఱబంతులు పడినకొలది బల్ల ఖాళీయగును. కడకు మిగులు ఆఱు రంగుల విలువ మొత్తము 27. అంతకు మించి వెనుకబడినవాడు ప్రత్యర్థిచే తప్పు చేయించిన గాని గట్టెక్కడు. ఇదంతయు ఇంట కూర్చున్న ముసలమ్మ కూడ వ్రేళ్లమీద లెక్కింపగలదు. 1985 నాటి కడపటి ఫ్రేములో డేవిస్‌కు 62, టేలర్‌కు 59 ఉండగా, బల్లపై మిగిలినది ఏడు పాయింట్ల నల్లబంతి యొక్కటియే. దానిని జేబున వేసినవాడే ప్రపంచవిజేత. ఇరువురును గుఱి తప్పిరి. తుదకు టేలర్ వేసెను. అంతకు పూర్వము ఆ తుదియాటలో ఒక్క క్షణమైనను ఆధిక్యమున లేనివాడు గెలిచెను! అట్టి కథను అర్థము చేసికొనుటకు నిబంధనల గ్రంథము అక్కఱలేదు.

ఐనను స్నూకరు కూడ రంగులు వచ్చువఱకు తెఱకు తగలేదు. నలుపు తెలుపు తెఱపై గులాబియు ఆకుపచ్చయు ఒక్కటియే బూడిద. బ్రిటనున 1967లో రంగుల ప్రసారము మొదలైనది. ఆ రంగులను చూపుటకు తగిన కార్యక్రమములకై బి.బి.సి. రెండవ చానెలు అధికారి డేవిడ్ అటెన్‌బరో వెదకుచుండగా, అల్పవ్యయముతో నిండురంగులతో చేతికందినది స్నూకరు. 1969లో 'పాట్ బ్లాక్' ఆరంభమైనది. ఒక్కొక్క వారము ఒక్క ఫ్రేమే. వ్యాఖ్యాత టెడ్ లో గుసగుసలాడునట్లు మాటలాడెడివాడు. నలుపు తెలుపు పెట్టెలున్నవారికి సాయముగా, గులాబిబంతి ఆకుపచ్చబంతి ప్రక్కనే యున్నదని ఒకనాడు సెలవిచ్చెనట! గొంతెత్తిన ఆటగాని గుఱి చెడును గనుక గుసగుస తప్పదు. మా రేడియోకు ఈ యాట ఏల దూరమైనదో దీనినిబట్టియే గ్రహింపవచ్చును. క్రికెట్టు వ్యాఖ్యానమున జనఘోష సగము కథ చెప్పును. ఇచ్చట ఘోష లేదు, చెప్పువాడు కేక వేయరాదు.

టెలివిజను మఱియొక రహస్యమును కనిపెట్టినది. ఆడువాడు వంగియుండుటచే వాని మొగము కనబడదు. కుర్చీలో కూర్చున్నవాని మొగము కనబడును. చేయుటకేమియు లేక, మంచినీళ్లు త్రాగుచు, తన ఓటమిని తానే చూచుచున్న ఆ మొగమును కెమెరా దగ్గఱగా పట్టినప్పుడు కథ రక్తికట్టినది. లిండ్రం నాటి సభలో ఆ మొగమును చూచినవా రెందఱు?

అమెరికాలో పూల్ ఆటకు పట్టిన గతి వింతయైనది. అచ్చట చిరకాలము ఘనమైనదిగా ఎంచబడిన పోటీయాట, ఒక బంతి మిగులగనే తక్కిన పదునాలుగింటిని మరల పేర్చి సాగించునది. 1954లో విల్లీ మోస్కోనీ తప్పక వరుసగా 526 బంతులు వేసెను. రీసు వ్యాధియే ఇదియు! 1961లో వచ్చిన 'ది హస్లర్' అను చలనచిత్రము వలన ఆటకు గిరాకి హెచ్చినది. కాని అందలి నాయకుడు పందెగాడు. ఆ నీడ యాటను వదలలేదు. 1978లో ఏ.బి.సి. సంస్థ మోస్కోనీని, మినెసోటా ఫ్యాట్స్ అను మాటకారి పందెగానిని ఎదురెదురుగా నిలిపి చూపగా జనము విరగబడి చూచిరి. చూచినది ఆటనా, వారిరువురి వైరమునా యన్నచో వైరమునే యందును నేను. తరువాత తొమ్మిది బంతుల పొట్టియాట ముందునకు వచ్చినది. అది నిమిషములలో ముగియును. ప్రవీణుడు మొదటి దెబ్బనుండి కడపటి బంతి వఱకు వేసివైచిన ఎంతో సులభముగా తోచును. పానశాలలోని చిన్నబల్లపై ఆడు ప్రతివాడును నేనును ఇట్లే వేయగలననుకొనును. పండ్రెండడుగుల స్నూకరు బల్లను చూచి అట్లనుకొనువాడు లేడు. 1994లో ఆరంభమైన మోస్కోనీ కప్పునందు ఐరోపా, అమెరికా పక్షములుగా చేసి, కొట్టుదెబ్బకు కాలపరిమితి విధించి, ప్రేక్షకులను కేకలు వేయనిచ్చిరి. వైరముండుటచే అది తెఱపై నిలిచినది.

స్వదేశపు వీరుడుండుట ఎంతటి బలమో చీనాదేశము చూపినది. 2005లో ఇంకను బాలుడైన డింగ్ జున్‌హుయి బీజింగు నగరమున స్టీఫెన్ హెండ్రీని ఓడించిననాడు అచ్చటి తెఱలముందు కోట్లకొలది జనము కూర్చుండిరి. ఇరువది యేండ్లకు, 2025లో, ఝావో షింటోంగ్ చీనా తొలి ప్రపంచవిజేత యయ్యెను. డింగును చూచి క్యూకఱ్ర పట్టిన తరమది.

మనకు వీరులు ముందే కలిగిరి. తెఱయే ఆలస్యముగా వచ్చినది. జోన్సు కలకత్తాలో గెలిచిన మఱుసటి యేడు, 1959 సెప్టెంబరులో గాని ఢిల్లీలో టెలివిజను ప్రయోగముగానైన మొదలు కాలేదు. రంగులు 1982లో ఆసియా క్రీడలతో వచ్చినవి. 1983లో ఫెరేరా మూడవమాఱు ప్రపంచవిజేత యయ్యెను. అదే యేట కపిల్‌దేవు జట్టు క్రికెట్టు ప్రపంచకప్పును గెలిచినది. క్రొత్త రంగుల పెట్టె ఎవరిని వరించినదో చెప్పనక్కఱలేదు. అంతకుముందు, 1981లో తనకిచ్చిన పద్మశ్రీని ఫెరేరా తిరస్కరించెను. గవాస్కరునకు పద్మభూషణ మీయగా తనకు తక్కువ బిరుదమేలనని ఆయన ప్రశ్న. 1983లో పద్మభూషణము వచ్చినది. దానిని అహంకారమన్నవారు లేకపోలేదు. నాకు మాత్రము అది న్యాయమైన లెక్కగనే తోచును.

పైగా మన చానెళ్లు ప్రకటనల రాబడితో బ్రతుకునవి. క్రికెట్టున ఆఱు బంతులకొకమాఱు విరామము దానంతట వచ్చును. సబ్బును టీపొడిని చూపుటకు అంతకంటె ఏమి కావలెను? బిలియర్డ్సు బ్రేకు ఎప్పుడు తెగునో ఆడువానికే తెలియదు. నడుమ ప్రకటన వేసిన ఆట పోవును, వేయకున్న రాబడి పోవును. గంటలకొలది కాలము నిర్ణయించి ఆడు దీర్ఘపోటీలలో, గడియారము కొట్టుటకు చాల ముందే గెలుపెవరిదో తేలిపోవుట కద్దు. ఆసియా క్రీడలలో 1998 నుండి 2010 వఱకు ఈ యాటలకు చోటుండెను. తరువాతి మూడు ఉత్సవములలో అదియు లేదు. అప్పుడైన తెఱపై కనబడెడి నాలుగు క్షణములు కూడ అట్లు పోయినవి. పిల్లలు చూడని ఆటకు క్రొత్తగా చేరువా రెవరు? బల్లయున్న క్లబ్బులోనికి సభ్యుల బిడ్డలకు తక్క ప్రవేశము లేని యూళ్లలో, తెఱయొక్కటియే తక్కినవారికి వాకిలి కావలసినది.

చికిత్స జరుగుచునే యున్నది. బిలియర్డ్సునందు 150 పాయింట్లకే ముగియు పొట్టియాటలను ప్రవేశపెట్టిరి. స్నూకరునందు పది నిమిషములలో తేలు పోటీయొకటి గలదు. అందు మొదటి ఐదు నిమిషములు దెబ్బకు పదునైదు క్షణములు, పిమ్మట పదియే క్షణములు గడువు. రెండవది నాకంతగా రుచింపదు. ఆలోచించు ముఖమును తీసివైచినచో ఆటలో మిగులునది చప్పుడు. 150 పాయింట్ల ఆట మాత్రము చూడదగినది. ఏలయన అందు ఒక్క తప్పునకు ఫలము వెంటనే కనబడును.

అట్టి పోటీ మీ కంటబడినచో ఒక్క పని చేయుడు. జేబులో పడు బంతిని చూడకుడు. కొట్టిన తరువాత తెల్లబంతి ఎచ్చట నిలుచునో చూడుడు. మంచి ఆటగాడు తరువాతి దెబ్బకు బల్ల చుట్టును నడువడు. ఒక అడుగు ప్రక్కకు వేసి వంగును.