రూపాయి వెంట ఒక మనిషి



మీరిచ్చే ప్రతి రూపాయి వెనుక మీ కష్టం ఉంది. ఆ రూపాయి అసలైన హక్కుదారు ఇంటికి చేరాలంటే దాని వెంట ఒక మనిషి నడవాలి. ఆ మనిషి గురించే ఈ నాలుగు మాటలు.

దివ్య ఖుర్ఆన్ తౌబా సూరా 60వ ఆయత్ జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలను పేర్కొంది. నిరుపేదలు, అగత్యపరుల తర్వాత మూడో వర్గం జకాత్ పనిలో ఉన్నవారే. స్వచ్ఛందంగా పనిచేసేవారు ఆ వాటా ఆశించరు, అయినా చేసేది ఆ పనే. బఖరా సూరా 273వ ఆయత్ చేయి చాచని పేదలను గుర్తుచేస్తుంది. వారి అభిమానాన్ని చూసి, తెలియనివారు కలిగినవాళ్లే అనుకుంటారు. అలాంటివారు మన ఆఫీసు మెట్లెక్కరు. మనమే వారి గడపకు వెళ్లాలి.

వెళ్తే ఏం జరుగుతుందో చూద్దాం. మిర్యాలగూడలో రైసు మిల్లు హమాలీ ఒకరి కూతురికి నిఖా కుదిరిందనుకోండి. 2014 అక్టోబరు 2న రూ. 51,000తో మొదలైన షాదీ ముబారక్ సాయం 2018లో రూ. 1,00,116కు పెరిగింది. అది అందాలంటే వధువుకు 18 ఏళ్లు నిండినట్టు రుజువు, ఆధార్, ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు పాస్‌బుక్ ఉండాలి. వాటిలో పేర్లు కలవాలి. ఒక కాగితంలో ‘బేగం’ ఉండి మరోదానిలో లేకపోవడం మన ఇళ్లలో మామూలే. దాన్ని సరిచేయించడానికి మీసేవకూ తహసీల్దారు ఆఫీసుకూ తిరిగితే, తిరిగిన రోజు కూలి పోతుంది. విసిగి మానేస్తే మిగిలేది అప్పే. చదువుకున్న యువకుడు రెండు పూటలు వెంట ఉంటే ఆ కాగితాలు దారికొస్తాయి. లెక్క వేయండి: నూటికి రెండున్నర చొప్పున లక్ష రూపాయల జకాత్ రావాలంటే రూ. 40 లక్షల సంపద కావాలి. ఇక్కడ ఒకరి రెండు పూటలు చాలు.

చదువు సంగతీ అంతే. కోదాడలో హైవే పక్క మెకానిక్ షెడ్డులో పనిచేసే తండ్రికి, 5వ తరగతి నుంచి ఉచితంగా ఇంగ్లీషు మీడియం చదువు, భోజనం, వసతి ఇచ్చే మైనారిటీ గురుకులాలున్నాయని తెలిసేసరికి దరఖాస్తు గడువు దాటిపోతుంది. జుమా నమాజు తర్వాత మస్జిదులో ప్రకటిస్తే మగవాళ్లకు తెలుస్తుంది. పిల్లల చదువు చూసే తల్లికి ఆ మాట చేరకపోవచ్చు. అందుకే ఇంటింటికీ వెళ్లే మహిళా వాలంటీర్లు మనకు ఎక్కువ అవసరం.

ఇక వైద్యం. 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితి ఏడాదికి కుటుంబానికి రూ. 10 లక్షలైంది. అయినా కంగారులో ఉన్న కుటుంబం ముందు వడ్డీ వ్యాపారి దగ్గరికే పరిగెడుతుంది. సూర్యాపేట నుంచి రోగిని తీసుకెళ్లేటప్పుడు తోడుగా ఒకరుండి, ఆ జబ్బుకు ఆ ఆసుపత్రిలో పథకం వర్తిస్తుందో లేదో ఆరోగ్యమిత్రను అడిగితే ఒక ఇల్లు అప్పు నుంచి బయటపడవచ్చు. డబ్బుతో పని లేని దానం మరొకటి రక్తం. తీవ్రమైన తలసేమియా ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. 18 నుంచి 65 ఏళ్ల లోపు ఆరోగ్యవంతులు, మగవారైతే మూడు నెలలకు, ఆడవారైతే నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వవచ్చు. రంజాన్‌లో పగటిపూట ఉపవాసాలుంటాయి కనుక శిబిరం షాబాన్‌లోనే పెట్టుకోవడం మేలు.

ఈ సమాచారానికి మతం లేదు. ప్రతి జనవరిలో పాలకీడు మండలం జాన్‌పహాడ్ సైదులు దర్గా ఉర్సుకు హిందువులు, ముస్లింలు కలిసే వస్తారు. అక్కడ ఒక బల్ల వేసి, పథకాల కాగితాలు పెట్టుకుని ఇద్దరు కూర్చుంటే అడిగిన వారందరికీ చెప్పవచ్చు.

కొన్ని జాగ్రత్తలూ ఉన్నాయి. సాయం తీసుకునేవారి ఫొటోలు తీయవద్దు. అభిమానం దాచుకున్న మనిషిని వాట్సాప్‌లో నిలబెట్టడం సాయం కాదు. జకాత్ ఆ ఎనిమిది వర్గాలకే చెందుతుంది కాబట్టి దాని లెక్క వేరు, సదఖా లెక్క వేరు రాయాలి. వెళ్లిన ఇల్లు, అవసరం, జరిగిన పని ఒక నోటుబుక్కులో ఉండాలి. పేర్లు బయటపెట్టకుండా ఆ వివరాలు దాతలకు తెలపాలి.

దాతలకు మా మనవి ఒకటే. ఈ ఏడాది చందాతోపాటు నెలకు నాలుగు గంటలు కూడా రాసివ్వండి. మీకు వీలుకాకపోతే మీ ఇంట్లో చదువుకున్న అబ్బాయినో అమ్మాయినో పంపండి. ఫారం నింపడం, ఆసుపత్రికి తోడు వెళ్లడం, నాలుగిళ్లకు కబురు చెప్పడం: ఇంతే పని. మీ డబ్బునూ మీ సమయాన్నీ అల్లాహ్ స్వీకరించుగాక. ఆమీన్.