23 వాట్ల గొంతుక

ఫ్రిజ్ తలుపు తీయగానే వెలిగే బల్బుకు ఎంత కరెంటు కావాలో, ఇంచుమించు అంతే శక్తితో వాయేజర్-1 భూమికి కబురు పంపుతోంది. దాని ట్రాన్స్‌మిటర్ సామర్థ్యం 23 వాట్లు. అది ఉన్న చోటు మనకు 2,500 కోట్ల కిలోమీటర్ల పైమాటే. కాంతి వేగంతో బయలుదేరిన కబురు ఇక్కడికి చేరేసరికి 23 గంటలు దాటుతుంది.

1977 సెప్టెంబరు 5న గురు, శని గ్రహాల పరిశీలనకు నాసా పంపిన వ్యోమనౌక ఇది. అయిదేళ్లు పనిచేస్తే చాలనుకున్నారు. 2012 ఆగస్టులో సూర్యుడి నుంచి వీచే కణాల హద్దు కూడా దాటేసింది. మనిషి చేసిన వస్తువుల్లో భూమికి అన్నిటికన్నా దూరంగా ఉన్నది ఇదే.

ఆ దూరంలో అది జబ్బుపడితే? 2023 నవంబరులో అదే జరిగింది. అర్థంలేని అంకెలు రావడం మొదలైంది. నెలల తరబడి వెతికితే తేలిందేమంటే, సమాచారాన్ని సర్ది పంపే కంప్యూటరులో ఒక చిప్పు పాడై, ఆ కంప్యూటరు మెమరీలో 3 శాతం చెడిపోయింది. అందులో ఉన్న ప్రోగ్రామును వేరేచోటికి మార్చాలి. మొత్తం ఒకేచోట పట్టేంత ఖాళీ ఎక్కడా లేదు. నౌకలోని కంప్యూటర్లన్నిటికీ కలిపి ఉన్న మెమరీయే 70 కిలోబైట్లు. ఇవాళ ఫోనులో తీసే ఒక్క ఫొటోకు కూడా అది చాలదు. ఇంజినీర్లు ప్రోగ్రామును ముక్కలు చేసి, దొరికిన సందుల్లో ఇరికించి, అవి మళ్లీ ఒక్కటిగా పనిచేసేలా సరిచేశారు. 2024 ఏప్రిల్ 18న మొదటి ముక్కను పంపారు. వెళ్లడానికి అప్పట్లో 22న్నర గంటలు, జవాబు రావడానికి మరో 22న్నర. 20వ తేదీన నౌక తన ఆరోగ్యం గురించి అర్థమయ్యేలా చెప్పింది. నా దృష్టిలో చంద్రుడి మీద అడుగుపెట్టడంతో సమానమైన ఘనత ఇది.

ఈ నౌకకు బంగారు పూత పూసిన 12 అంగుళాల రాగి రికార్డు ఒకటి బిగించారు. ఎప్పుడైనా, ఎవరికైనా దొరికితే మన గురించి తెలియాలని ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సాగన్ బృందం చేసిన ప్రయత్నం అది. వందకు పైగా చిత్రాలు, 90 నిమిషాల సంగీతం. బాఖ్, బీథోవెన్ సరసన చక్ బెరీ రాక్ అండ్ రోల్ ఉంది, హిందుస్తానీ గాయని కేసర్‌బాయి కేర్కర్ భైరవి ఉంది. 55 భాషల్లో పలకరింపులు ఉన్నాయి. వాటిలో తెలుగు ఒకటి! తెలుగు మాట్లాడే జనం తరఫున శుభాకాంక్షలు చెప్పే ఆ గొంతు సెకనుకు 17 కిలోమీటర్ల వేగంతో పోతూనే ఉంది. మరో 40 వేల ఏళ్లకు గ్లీజ్ 445 అనే నక్షత్రానికి రెండు కాంతి సంవత్సరాల లోపు దూరం నుంచి సాగిపోతుంది.

రికార్డుకు కరెంటు అక్కర్లేదు, నౌకకు కావాలి. బయలుదేరినప్పుడు ప్లుటోనియం వేడితో 470 వాట్లు పుట్టేవి. ఏటా సుమారు 4 వాట్లు తగ్గిపోతున్నాయి. అందుకే పరికరాలను ఒక్కొక్కటిగా ఆపేస్తున్నారు. 2025 ఫిబ్రవరిలో కాస్మిక్ కిరణాల పరికరం వంతు వచ్చింది.

ఆ రికార్డులోని 55 పలకరింపులూ నాసా వెబ్‌సైటులో వినవచ్చు. మీ పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని తెలుగు పలకరింపు వినిపించండి.